రక్త క్యాన్సర్ల మీద పరిశోధన చేయాలంటే రోగులను చూడటం మానేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హెమటాలజీ (రక్త సంబంధ జబ్బుల వైద్యం) ట్రైనింగ్‌లో చేరబోతున్నారు, ల్యుకేమియా, లింఫోమా, మైలోమా లాంటి జబ్బుల మీద పరిశోధన చేయాలని ఉంది. దానికోసం క్లినిక్ వదిలేసి ల్యాబ్‌లోనే కూర్చోవాలా, పీహెచ్‌డీ లేకపోతే ఎవరూ పట్టించుకోరా, ఇరవై ఏళ్ళు తలమునకలుగా పనిచేసినా ఒక్క మందూ బయటికి రాకపోతే అదంతా వృథాయేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. క్లినిక్ వదలకండి. కానీ రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు ట్రైనింగ్ పూర్తిచేసి, ఎవరి సాయం లేకుండా రోగిని చూసుకోగలిగే స్థాయికి రండి. తర్వాత మూడు నాలుగేళ్ళు ల్యాబ్‌కో, క్లినికల్ ట్రయల్స్‌కో పూర్తిగా ఇచ్చేయండి. ఆ కాలంలో వారానికి ఒక్క ఓపీ చాలు, చెయ్యి మొద్దుబారకుండా ఉండటానికి. పీహెచ్‌డీ ఉంటే మంచిదే, లేకపోతే కొంప మునగదు. ఇక మందు సంగతి: మనలో దాదాపు ఎవరి పేరు మీదా మందు రాదు. అది తెలిసే ఇందులోకి రావాలి.

క్లినిక్ ఎందుకు వదలొద్దంటున్నానో చెప్తాను, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది అదే కాబట్టి.

మిగతా క్యాన్సర్లతో పోలిస్తే మన జబ్బుల్లో ఒక వెసులుబాటు ఉంది. ఊపిరితిత్తిలో గడ్డ ఉంటే దాని ముక్క తీయడమే పెద్ద తతంగం, చికిత్స మధ్యలో మళ్ళీ మళ్ళీ తీయడం ఇంకా కష్టం. ల్యుకేమియాలో జబ్బు కణాలు సూదికి అందే చోటే ఉంటాయి. చికిత్సకు ముందు, నెల తర్వాత, తిరగబెట్టినప్పుడు, ఇలా ఒకే మనిషిలో జబ్బు ఎలా రూపు మార్చుకుంటోందో వరసగా చూడొచ్చు. ఒక క్యాన్సర్‌కూ ఒక క్రోమోజోమ్ లోపానికీ ఉన్న ముడి మొదటిసారి బయటపడింది సీఎంఎల్ అనే దీర్ఘకాలిక ల్యుకేమియాలో. రోగి రోగనిరోధక కణాలనే జబ్బు మీదికి ఉసిగొల్పే సీఏఆర్-టీ చికిత్సకు మొదటి అనుమతి వచ్చింది పిల్లల, యువకుల ల్యుకేమియాలో. ఇవి యాదృచ్ఛికం కాదు, శాంపిల్ చేతికందడం ఒక పెద్ద కారణం.

అయితే ఆ శాంపిల్ ట్యూబులో మీ బల్ల మీదికి వస్తే అది ఒక బార్‌కోడ్ మాత్రమే. ఆ మనిషి ఏ మందు ఎప్పుడు ఆపేశాడో, గత వారం రక్తం ఎక్కించారో లేదో, స్టెరాయిడ్ అప్పటికే మొదలైందో బార్‌కోడ్ చెప్పదు.

మా దగ్గర జరిగినదే ఒకటి చెప్తాను. సీఎంఎల్‌కు ఇమాటినిబ్ మాత్ర వాడుతున్న ఒక పెద్దాయనకు, జబ్బు ఎంత మిగిలిందో చెప్పే బీసీఆర్-ఏబీఎల్ జన్యువు స్థాయి చక్కగా దిగుతూ వచ్చి, ఉన్నట్టుండి పెరగడం మొదలైంది. ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. మందుకు లొంగని కొత్త మ్యుటేషన్ (జన్యు మార్పు) దొరకబోతోందని సీక్వెన్సింగ్ చేశాడు, అంటే జన్యువును అక్షరం అక్షరం చదివాడు, ఏమీ కనబడలేదు. ఇంకా లోతుగా సీక్వెన్స్ చేద్దామని పట్టుబట్టాడు. ఓపీలో ఆయన భార్యను పక్కకు పిలిచి అడిగితే సంగతి తేలింది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని ఆయన మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. ‘డాక్టరు గారికి చెప్తే తిడతారు’ అని దాచాడు. పిక్కల నొప్పికి దారి చూపించి మాత్ర రోజూ వేయిస్తే స్థాయి మళ్ళీ దిగింది.

ఇది ఒక్క పెద్దాయన కథే కాదు. 2010లో లండన్ పరిశోధకులు మాత్రల సీసా మూతలో ఎలక్ట్రానిక్ చిప్ పెట్టి, సీసా ఎన్నిసార్లు తెరిచారో లెక్కగట్టారు. పదింట తొమ్మిది మాత్రలకు మించి వేసుకున్నవాళ్ళకూ, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్ళకూ మధ్య జబ్బు అదుపులో తేడా చాలా పెద్దది. అది మంచి పరిశోధన. ల్యాబ్‌లో మాత్రమే కూర్చున్నవాళ్ళకు ఆ ప్రశ్నే తట్టదు.

శాంపిల్ తీసే చోట నిలబడటం నేర్చుకోండి. ఇది ఎవరూ క్లాసులో చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మూలుగ తీసేటప్పుడు సిరంజి మొదటిసారి లాగినప్పుడు వచ్చే ఒకటి రెండు మిల్లీలీటర్లే చిక్కటి మూలుగ. ఆ తర్వాత అదే చోట లాగేకొద్దీ చుట్టుపక్కల రక్తం కలుస్తూ పలచబడుతుంది. మొదటిది గాజు పలక మీద వాలిస్తే సన్నని పలుకులు కనబడతాయి. మూడోసారి లాగినదాంట్లో చాలాసార్లు ఉత్త రక్తమే. ఆనవాయితీ ఏమిటంటే మొదటి లాగు రోగనిర్ధారణకు, మిగిలినది క్రోమోజోమ్ పరీక్షకూ మిగతావాటికీ, అట్టడుగున మిగిలిందేదో పరిశోధనకు. రోగి పక్షాన చూస్తే అది న్యాయమే. కానీ ఆ సంగతి తెలియని విద్యార్థి, పలచటి ట్యూబులో క్యాన్సర్ కణాలు తక్కువ కనబడ్డాయని మందు గొప్పగా పనిచేసిందనుకుంటాడు.

దీనివల్ల ఎంత నష్టమో చూడండి. ల్యుకేమియా బయటపడేనాటికి ఒంట్లో జబ్బు కణాలు లక్ష కోట్ల స్థాయిలో ఉంటాయి. మైక్రోస్కోప్ కింద చూసి ‘రెమిషన్ వచ్చింది’ (జబ్బు కనబడటం లేదు) అన్నప్పుడు కూడా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. అందుకే పదివేల కణాల్లో ఒక్కటున్నా పట్టుకునే ఎంఆర్‌డీ (మిగిలిన జబ్బు) పరీక్షలు వచ్చాయి. మూలుగ ట్రాన్స్‌ప్లాంట్ చేయాలా వద్దా అన్న నిర్ణయం చాలాచోట్ల ఆ ఫలితం చూసే తీసుకుంటారు. పలచబడిన శాంపిల్ మీద వచ్చిన ‘నెగటివ్’ను నమ్మితే మొదటికే మోసం. మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం: ట్యూబు మీద అది ఎన్నో లాగో రాయాలి. రాయని ట్యూబు పరిశోధనకు పనికిరాదు.

ట్యూబు రంగు కూడా అంతే ముఖ్యం. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే పదార్థాన్ని బట్టి రంగు మారుతుంది: క్రోమోజోమ్ పరీక్షకు హెపారిన్, పీసీఆర్‌కు (జన్యు ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసి పట్టుకునే పరీక్ష) ఈడీటీఏ. హెపారిన్ పీసీఆర్ చర్యకే అడ్డు తగులుతుంది. కణాలను దాచాలంటే, గడ్డకట్టేటప్పుడు అవి చావకుండా డీఎంఎస్‌ఓ అనే ద్రవం కలిపి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లబరచి, తర్వాత ద్రవ నైట్రోజన్‌లోకి పంపాలి. గది ఉష్ణోగ్రతలో డీఎంఎస్‌ఓ కణాలకు విషం, కాబట్టి అది కలిపాక ఫోన్ వచ్చినా ఎత్తకూడదు. ఎంత ఖరీదైన సీక్వెన్సర్ ఉన్నా చచ్చిన కణాల నుంచి చెత్తే వస్తుంది.

ఇప్పుడు పీహెచ్‌డీ ప్రశ్న. ల్యుకేమియాలో ఇప్పటికీ వాడుతున్న 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందు తయారీలో కీలకమైన గెర్ట్రూడ్ ఎలియన్ చదివింది మాస్టర్స్ దాకానే. 1988లో నోబెల్ వచ్చింది. ఇంకో మాట, ఇది ముఖ్యంగా పిల్లలు పుట్టాక పరిశోధన సాగదేమోనని భయపడేవాళ్ళ కోసం. షికాగోలో జానెట్ రౌలీ నలుగురు పిల్లల తల్లి, చాలా ఏళ్ళు పార్ట్‌టైమ్‌గానే పనిచేశారు. క్రోమోజోమ్‌ల ఫోటోలు కత్తిరించి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పేర్చి చూసుకునేవారు. 1973లో సీఎంఎల్‌లో పొట్టిగా కనబడే క్రోమోజోమ్‌లో తగ్గిన ముక్క ఎక్కడికీ పోలేదని, 22వ క్రోమోజోమ్ నుంచి తెగి 9వదానికి అతుక్కుందని చెప్పింది ఆవిడే. అయితే ఇలాంటి కథలు విని డిగ్రీ అక్కర్లేదని తీర్మానించుకోకండి. ఎలియన్‌కు పక్కన ఆమెకు పని నేర్పిన జార్జ్ హిచింగ్స్ లాంటి మనిషి ఉన్నాడు. డిగ్రీ లేకపోయినా ఫర్వాలేదు, నేర్పే మనిషి లేకపోతే కష్టం.

ఇక ఇరవై ఏళ్ళ సంగతి. సీఎంఎల్ కాలక్రమాన్నే తీసుకోండి. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ ఆ పొట్టి క్రోమోజోమ్‌ను చూశారు. నోవెల్ స్లైడ్లను కుళాయి నీళ్ళతో కడగడం వల్ల కణాలు ఉబ్బి క్రోమోజోమ్‌లు విడివిడిగా కనబడటం ఆయనకు కలిసొచ్చింది. 1973లో రౌలీ. 1980లలో బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు అతుక్కుని ఆగని టైరోసిన్ కైనేజ్‌ను (కణాన్ని పెరగమని పురికొల్పే ఎంజైమ్) తయారుచేస్తున్నాయని తేలింది. 1996లో అమెరికా వైద్యుడు డ్రూకర్ బృందం ఆ కైనేజ్‌ను అడ్డుకునే పదార్థం (ఇప్పటి ఇమాటినిబ్) గురించి పేపర్ వేసింది, 1998లో మొదటి రోగులకు ఇచ్చారు, 2001లో అనుమతి. మొదటి ట్రయల్‌లో తగిన మోతాదు అందిన 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. మొత్తం 41 ఏళ్ళు. ఈ వరసలో మందు పేరుతో జనం గుర్తుపెట్టుకున్నది ఒకరిద్దరిని. మధ్యలో ఎవరు లేకపోయినా ఆ వరస తెగేది.

మందు వచ్చాక కూడా పని అయిపోలేదన్నది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించే భాగం. బీసీఆర్-ఏబీఎల్‌లో టీ315ఐ అనే ఒక్క మార్పుతో ఇమాటినిబ్ పనిచేయకుండా పోతుంది, దానికి వేరే మందులు కావాల్సి వచ్చాయి. జబ్బు జాడ రెండేళ్ళకు పైగా అసలు కనబడనివాళ్ళలో మాత్ర ఆపేస్తే ఏమవుతుందని ఫ్రాన్స్‌లో ధైర్యం చేసి చూశారు. దాదాపు 40 శాతం మందికి ఏడాది తర్వాతా జబ్బు తిరగబెట్టలేదు. తిరగబెట్టినవాళ్ళలో చాలామందికి అది మొదటి ఆరు నెలల్లోనే. మళ్ళీ మాత్ర మొదలెడితే లొంగింది. దీంట్లో కొత్త మందు ఏమీ కనిపెట్టలేదు, ఉన్న మందు ఎప్పుడు ఆపొచ్చో కనుక్కున్నారు. అలాంటి ప్రశ్నలు క్లినిక్‌లో కుప్పలుగా ఉన్నాయి. (ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపొద్దు. నెలనెలా కచ్చితమైన పీసీఆర్ చూసుకునే ఏర్పాటు ఉన్నచోట, డాక్టరు చూస్తుండగా చేసే పని అది.)

తెలుగులో రాస్తూ, అమెరికాలో మందుల మీద పనిచేసిన మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రస్తావన తేకపోతే బాగుండదు. ఆయన లక్ష్యం ల్యుకేమియా కాదు. లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే పనిలో ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ విటమిన్ రకాలను రోగులకు ఇచ్చినప్పుడు ల్యుకేమియా ఇంకా ముదురుతున్నట్టు ఆయనకు కనబడింది. అలాగైతే దాన్ని అడ్డుకునే పదార్థం కావాలన్నాడు. అమినోప్టెరిన్ అలా సుబ్బారావు గారి బృందం నుంచి వెళ్ళింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన పేపర్‌లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కొన్ని నెలలే, మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను పిల్లల్లో ఎక్కువగా వచ్చే ల్యుకేమియా అయిన ఏఎల్ఎల్‌లో ఇవాళ కూడా వారం వారం ఇస్తున్నాం. అన్ని వసతులూ ఉన్నచోట ఆ పిల్లల్లో పదింట తొమ్మిది మంది దాకా బతుకుతున్నారు. ఇక్కడ చూడాల్సింది, చికిత్స ముదరబెట్టిందన్న చెడ్డ ఫలితాన్ని ఫార్బర్ దాచకుండా దాని వెంట పడటం.

కొత్త విషయాలు ఎప్పుడూ ల్యాబ్ నుంచి వార్డుకే వెళ్తాయనుకుంటే పొరపాటు. ఏపీఎల్ అనే ల్యుకేమియా రకంలో, విటమిన్ ఏ జాతికి చెందిన ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం పనిచేస్తుందని షాంఘై వైద్యులు 24 మంది రోగుల అనుభవంతో 1988లో రాశారు. ఎందుకు పనిచేస్తుందో చెప్పే పీఎంఎల్-ఆర్‌ఏఆర్‌ఏ అనే అతుకు జన్యువు సంగతి ఆ తర్వాత తెలిసింది. థాలిడొమైడ్ అనే మందు మైలోమాలో పనిచేస్తుందని 1999లో తెలిసింది. రక్తనాళాలు పెరగకుండా ఆపుతుందన్న ఊహతో ఇచ్చారు. అది సెరిబ్లాన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని 2010లో, దాని తర్వాతి తరం మందు లెనాలిడొమైడ్ ఆ దారిలోనే మైలోమా కణానికి కావాల్సిన రెండు ప్రోటీన్లను నాశనం చేయిస్తుందని 2014లో తేలింది. మందు పనిచేశాక పదిహేనేళ్ళకు కారణం దొరికిందన్నమాట.

ట్రయల్స్ వైపు మనసుంటే అది తక్కువ రకం పరిశోధన అనుకోకండి. ల్యాబ్‌వాళ్ళలో కొందరికి ఆ చిన్నచూపు ఉంది, పట్టించుకోవద్దు. వెనెటోక్లాక్స్ అనే మందు కథ చూడండి. లింఫోమాలో బీసీఎల్2 జన్యువును 1980ల మధ్యలో గుర్తించారు, అది కణం చావకుండా కాపాడుతుందని ఆ దశాబ్దం చివరికి తెలిసింది, దాన్ని అడ్డుకునే మాత్రకు 2016లో సీఎల్ఎల్ అనే ల్యుకేమియా రకంలో అనుమతి వచ్చింది. తొలి రోజుల్లో మందు మరీ బలంగా పనిచేసి, ఒక్కసారిగా చచ్చిన కణాల సరుకు రక్తంలోకి వచ్చిపడి ప్రాణాలు పోయాయి. అందుకే ఇప్పుడు 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఐదు వారాల్లో 400కు పెంచుతాం. ఆ మెట్ల లెక్క వార్డులో పుట్టింది. అదే మందును మైలోమాలో పరీక్షించిన ట్రయల్‌లో జబ్బు ముదరకుండా ఉన్న కాలం దాదాపు రెట్టింపయింది, కానీ చావులు మందు తీసుకున్న వైపే ఎక్కువ. 2019లో ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) హెచ్చరిక జారీ చేసింది. స్కానులు, రక్తపరీక్షలు బాగున్నాయని సంబరపడి కంట్రోల్ గుంపు (పోల్చి చూడటానికి ఆ మందు ఇవ్వనివాళ్ళు) లేకుండా వాడేసి ఉంటే ఆ నష్టం ఎవరికీ కనబడేది కాదు.

గురువును ఎంచుకునేటప్పుడు పేపర్ల లెక్క చూడకండి. ఈ మూడు అడగండి. ఫ్రీజర్‌లో ఉన్న శాంపిళ్ళలో ఎన్నింటికి ఆ రోగి చివరికి ఏమయ్యాడన్న సమాచారం జత చేసి ఉంది? నేను వార్డులో ఉన్న రోజు నా ప్రయోగం ఎవరు చూస్తారు? ఇక్కడ ఆగిపోయిన ప్రాజెక్టుల్లో ఒకదాని గురించి చెప్తారా? మూడో ప్రశ్నకు నీళ్ళు నమిలితే ఆలోచించుకోవాల్సిందే. మా ల్యాబ్‌లో ఒక పదార్థం కె562 కణాలను చక్కగా చంపేది. అవి 1970లలో ఒక సీఎంఎల్ రోగి నుంచి తీసి అప్పటి నుంచీ పెంచుతూ వస్తున్న కణాలు, ఏళ్ళ తరబడి ప్లాస్టిక్‌కు అలవాటుపడ్డవి. రోగుల నుంచి నేరుగా తీసిన కణాలను మూలుగలో ఉండే ఆసరా కణాల పక్కన పెట్టి అదే పదార్థం ఇస్తే చెక్కుచెదరలేదు. రెండు విధాలా తిప్పి చూసి ప్రాజెక్టు మూసేశాం, మూసేసిన కారణాలతో సహా పేపర్ వేశాం. ఆ ప్రాజెక్టు చేసిన అమ్మాయికి తర్వాతి ఉద్యోగం ఆ పేపర్ మీదే వచ్చింది. ఎందుకు పనిచేయలేదో అంత శుభ్రంగా చూపించినవాళ్ళు అరుదు మరి.

కష్టాల జాబితా పెద్దగా రాయను, మీకు తెలియనివి కావు. గ్రాంట్ రాని ఏడాది టెన్షన్ ఉంటుంది. శనివారం సాయంత్రమే శాంపిల్ వస్తుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి: మీ ట్రయల్‌లో చేరిన రోగి మీరు వైద్యం చేసే రోగి కూడా అయితే, సమ్మతి పత్రం మీద సంతకం మీరు తీసుకోకండి. మీ మొహం చూసి కాదనలేరు. ట్రయల్‌తో సంబంధం లేని ఇంకొకరితో మాట్లాడించండి. వద్దన్న రోగి మీ ఓపీకి ఎప్పటిలా రాగలగాలి.

ఏ జబ్బు ఎంచుకోవాలని కూడా అడిగారు. ల్యుకేమియానా, మైలోమానా అన్నది పెద్ద తేడా కాదు, మీ దగ్గర ఏ రోగులు ఎక్కువో అదే. అది తోచకపోతే, జబ్బు రాకముందు దశ చూడండి. వయసు డెబ్బై దాటినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి రక్తకణాల్లో ల్యుకేమియా తరహా మ్యుటేషన్ ఉంటుందని 2014లో తేలింది, వాళ్ళలో చాలామందికి ఎప్పటికీ క్యాన్సర్ రాదు. ఎవరికి వస్తుంది, ఎవరిని ఊరికే వదిలేయాలి అన్నది ఇంకా తెగలేదు. ఓపిక ఉన్నవాళ్ళకు చేతినిండా పని.

ఈ ఏడాది చేయాల్సినవి రెండే. ఒకటి, ల్యాబ్ రిపోర్టు తెరవకముందు స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తం) మీరే మైక్రోస్కోప్ కింద చూసి మీ అంచనా రాసిపెట్టుకుని, తర్వాత రిపోర్టుతో పోల్చుకోండి. రెండు, ఏ నెలకు ఎంత శాతం బతికున్నారో చూపే సర్వైవల్ గ్రాఫ్ చదవడం నేర్చుకోండి. గీత కుడివైపు చివర చదునుగా కనబడగానే ‘నయమైపోయింది’ అనుకునేవాళ్ళు సీనియర్లలోనూ ఉన్నారు. గ్రాఫ్ కింద చిన్న అక్షరాల్లో ఏ నెలకు ఇంకా ఎంతమంది లెక్కలో ఉన్నారో అంకెలు ఉంటాయి. చదునుగా ఉన్న ఆ చోట నలుగురో ఐదుగురో మిగిలి ఉంటే ఆ గీతకు అర్థం లేదు. కాబట్టి గీత కన్నా ముందు ఆ వరస చదవండి, అది ఇవ్వని పేపర్‌ను పక్కన పెట్టండి.